పెద్దాయన మోకాళ్లు

చరిత్ర గ్రంథాలలో యుద్ధాలకు, సంధులకు, రాజుగారి జలుబులకు కూడా చోటు దొరికింది గాని, పరదాల మాస్టారు మూడడుగులు వెనక్కి వేయడం గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క వాక్యమైనా రాయలేదు. ఇది విచారించదగిన లోపం. ఏ పని ముగించినా ఆయన మూడడుగులు వెనక్కి వేసేవారు. మెడ ఎడమవైపుకు వంచేవారు. కుడికన్ను మూసేవారు. మిగిలిన ఒంటి కంటితో ఆ పనికి తీర్పు చెప్పేవారు. కిటికీకి పరదా తగిలించినా అంతే, గోడకు మేకు కొట్టినా అంతే, చొక్కా గుండీలు పెట్టుకుని అద్దం ముందు నిలబడినా అంతే.

ఈ ఆచారం ఏ సంవత్సరంలో ఆరంభమైందన్న విషయంలో పండితులలో అభిప్రాయభేదం ఉంది. పండితులు ఇద్దరే. పరదాలు తగిలించే వృత్తిలోకి వచ్చిన మూడో ఏడు, వంకరగా బిగించిన పరదా పట్టీ ఒకటి తన పరువు తీసినప్పటి నుంచి అని మాస్టారి వాదం. ఆయన భార్య టేపమ్మ దీన్ని ఒప్పుకోదు. కొలతల టేపు మెడలో లేకుండా ఆమెను చూసినవారు లేరు గనుక ఆమెకా పేరు స్థిరపడింది.

"అబ్బే, అంతకు ముందు నుంచే ఉంది ఆ జబ్బు. బట్టల కొట్లో నన్ను మొదటిసారి చూసినప్పుడే మూడడుగులు వెనక్కేశారు. పారిపోతున్నారేమో అనుకున్నాను. పారిపోయినా బాగుండేది" అంటుంది టేపమ్మ, కుట్టుమిషను మీద నుంచి తలెత్తకుండా.

ఈ అలవాటు కింద ఇప్పటికి నాలుగు పూలకుండీలు, ఒక చేపల తొట్టి, ఒక ఖాతాదారుగారి అత్తగారి కాలివేలు నలిగాయి. అయినా మాస్టారు మానలేదు. మానకపోవడం మంచిదే అయింది. ఒకనాటి ఉదయం వ్యాను ఇంటి ముందు నిలిపి, దిగి, అలవాటు చొప్పున మూడడుగులు వెనక్కి వేసి, ఒంటికన్నుతో చూసేసరికి, ముందు ఎడమ చక్రం పైభాగం లోపలికి ఒరిగి కనిపించింది.

"ఏమేవ్, ఇలా రా. ఈ అంచు తిన్నగా ఉందా?"

టేపమ్మ వచ్చింది. వ్యానుకు అంచేమిటని అడగలేదు. ఆమె కూడా తల వంచింది.

"లేదు. జారింది" అంది.

మాస్టారు దారానికి కట్టిన సీసపు గుండు తెచ్చి చక్రం పక్కన వేలాడదీశారు. తేడా బొటనవేలి గోరంత ఉంది. పరదాలో గోరంత తేడా వస్తే మొత్తం విప్పి మళ్లీ కుట్టే ఇల్లది.

ఆ వ్యాను వయసు పద్దెనిమిదేళ్లు. ఇంట్లో దాన్ని పెద్దాయన అనేవారు. పన్నెండడుగుల కడ్డీలు, మడత నిచ్చెన, బట్ట తానులు, మాస్టారు, టేపమ్మ, ఆమె కూర్చునే మెత్త, అన్నీ పట్టే ఏకైక వాహనం అది. ఉదయం దగ్గాలి, రెండోసారి తాళం తిప్పితే గాని పలకకూడదు, ఎత్తు ఎక్కేటప్పుడు కిటికీలు దించాలి, ఇలా ఆయనకు కొన్ని నియమాలుండేవి. ఈ మధ్య ఇంకొకటి చేరింది. గుంట దాటినప్పుడల్లా కింద ఎక్కడో 'టక్' మనేది. టేపమ్మ తలుపు పిడి పట్టుకునేది. పెద్దవాళ్లకు మోకాళ్లు పలకడం సహజమే కదా అని సరిపెట్టుకునేవారు.

ఏటా చేయించే తనిఖీలో మాత్రం అధికారి సరిపెట్టుకోలేదు. ఆయన ముందు చక్రం కింద ఇనుప గడ్డపార దూర్చి, పైకి ఎత్తాడు. టక్. రెండో వైపు ఎత్తాడు. టక్.

"కింది బాల్ జాయింట్లు రెండూ పోయాయండీ. పదిరోజులు టైమిస్తున్నా. మార్చి తీసుకురండి. లేకపోతే బండి రోడ్డెక్కకూడదు."

బాల్ జాయింటంటే గొప్ప రహస్యమేమీ కాదు. గిన్నెలో గుండులా, గుండ్రటి ఇనుప తల ఒక ఇనుప గూటిలో తిరుగుతుంది. చక్రాన్ని పట్టుకున్న భాగాన్ని, బండి అడుగు నుంచి చేయిలా చాచుకున్న కింది ఆర్మ్‌తో కలిపేది అదే. చక్రం ఇటూ అటూ తిరగడానికీ, గుంటలో దిగి లేవడానికీ అదే మోకాలు. అది అరిగితే చప్పుడు చేస్తుంది. మరీ అరిగితే ఊడి వచ్చి, చక్రం నడిరోడ్డు మీద పక్కకు పడుకుంటుంది.

పదిరోజుల గడువుకు మరో గడువు తోడైంది. ఊళ్లో కొత్తగా వెలసిన పెద్ద ఫర్నిచర్ షోరూం వారు భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలిస్తామన్నారు. ఆయన తగిలించాలి, ఆమె కుట్టాలి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ హాజరు యంత్రంలో వేలు పెట్టాలి. ఛాతీ మీద పేరు రాసిన చొక్కా ఇస్తారు. చొక్కా కొలతలు పదకొండో రోజుకల్లా పంపమన్నారు. వ్యాను లేకపోతే కడ్డీలు, నిచ్చెన బస్సులో ఎక్కించలేరు గనుక, పంపక తప్పదు.

"చొక్కా వాళ్లది, పరదా వాళ్లది, నిచ్చెన వాళ్లది. మెడ ఒక్కటే మనది" అన్నారు మాస్టారు.

"ఆ మెడలో వాళ్ల టేపు వేసుకోమంటారేమో" అంది టేపమ్మ. ఆమె మొహం చిన్నబోవడం మాస్టారు చూశారు. చూసి, బావమరిది షెడ్డుకు బయలుదేరారు.

టేపమ్మ తమ్ముడు మెకానిక్. స్వంత షెడ్డు, బండ్లెత్తే రెండు లిఫ్టులు, మూడు అభిప్రాయాలు గలవాడు. మొదటి అభిప్రాయం: పాత బండిని బాగుచేయడం ఇసుకలో నీళ్లు పోయడం. రెండోది: బావకు వ్యాను మీద ఉన్న ప్రేమ అక్క మీద లేదు. మూడోది ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు.

"బావా, నీ బండిని చూస్తే నా పానాలు ఏడుస్తాయి. ఇవాళ జాయింటు మారుస్తాం. రేపు ఇంకోటి ఊడుతుంది. ఎల్లుండి ఇంకోటి. మా అక్క దాన్లో కూర్చుంటుంది, గుర్తుందా నీకు? అమ్మేసెయ్. నేను మాత్రం ముట్టుకోను."

"ఒక్కసారి చూడరా."

"చూడను. చూస్తే జాలేస్తుంది. జాలేస్తే ముట్టుకుంటాను. ముట్టుకోనన్నాను కదా!"

మాస్టారు ఇంటికి తిరిగి వచ్చి, చెప్పులు విడిచి, ప్రకటించారు.

"నేనే మారుస్తాను."

"మీరా?" అంది టేపమ్మ. మిషను ఆగింది. అది పగటిపూట ఆగడం అరుదు.

"ఇరవై రెండేళ్లుగా బరువులు వేలాడదీస్తున్నాను. అదీ వేలాడేదే కదా."

ఈ తర్కంలో లోపముందని టేపమ్మకు తెలుసు. కానీ ఎక్కడుందో చూపించలేకపోయింది.

పని నాలుగో రోజు మొదలైంది. ఇంటి పక్క సిమెంటు నేల మీద పెద్దాయన్ను నిలిపారు. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టారు. అద్దెకు తెచ్చిన జాకీతో ముందు భాగం ఎత్తి, కింద రెండు ఇనుప స్టాండ్లు నిలిపారు. మాస్టారు వ్యాను భుజం పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా ఊపి, అది కదలదని నమ్మకం కుదిరాకే కిందికి దూరారు. మనిషి తల మీదికి రాగల వస్తువును ఎలా నిలపాలో తెలిసిన వృత్తి ఆయనది.

పాత పుస్తకాల దుకాణంలో దొరికిన మరమ్మతుల పుస్తకాన్ని టేపమ్మ కిటికీ దగ్గర కూర్చుని పైకి చదివేది. అందులో నలభై ఒకటో పేజీ నుంచి నలభై ఎనిమిదో పేజీ దాకా లేవు.

"'ఈ దశలో అత్యంత జాగ్రత్త వహించవలెను' అని ఉందండీ."

"ఊఁ, తర్వాత?"

"తర్వాత నలభై తొమ్మిదో పేజీ. 'చక్రమును తిరిగి బిగించవలెను.'"

ఆ మధ్య ఎనిమిది పేజీలూ మాస్టారే జీవించవలసి వచ్చింది. విప్పిన ప్రతి బోల్టునూ ఆయన ఒక పాత దుప్పటి మీద, అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే ఉన్నట్టు పరిచారు. పక్కన దర్జీ సుద్దతో గుర్తు పెట్టారు. చివరికి ఆ దుప్పటి మీద పెద్దాయన ముందుకాళ్లు రెండూ చొక్కాకు కత్తిరించిన బట్టల్లా తయారయ్యాయి.

తుప్పు పట్టిన నట్లకు రెండు రోజులు నూనె పోయవలసి వచ్చింది. ఆరో రోజుకు గాని అవి కదల్లేదు. అయినా జాయింటు కొనన ఉండే మేకు, చక్రం వైపు తాను దూరిన గూట్లోంచి దిగలేదు. మాస్టారు నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు మరలు ఉంచి, గూటి పక్క సుత్తితో కొట్టారు. బతిమాలారు. మళ్లీ కొట్టారు. పదిహేడో దెబ్బకు ఢామ్మని దిగింది. లోపల టేపమ్మ చేతిలోని గుండుసూదుల పెట్టె నేల పాలైంది.

"ఏమండీ! ఉన్నారా?"

"ఉన్నాను. వచ్చేసింది!"

"ఏది వచ్చేసింది? కాలా?"

పాత జాయింటు ఆయన చేతిలో ముసలి పన్నులా కదిలింది. ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు, గట్టిగా మాట్లాడితే దానంతటదే. బావమరిది మాటల్లో కొంత న్యాయముందని ఆ క్షణాన మాస్టారికి తోచింది. ఇన్నాళ్లూ టేపమ్మను ఈ ముక్క మీదే కూర్చోబెట్టి ఊరంతా తిప్పానా అనుకున్నారు. ఈ సంగతి ఆయన బయటికి అనలేదు. దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు.

ఎనిమిదో రోజు కొత్త జాయింట్లు వచ్చాయి. వాటిని తెచ్చిన మనిషి పెట్టె టేపమ్మ చేతికిచ్చి పోయాడు. మాస్టారు ఆ సమయంలో వ్యాను కింద ఉన్నారు. పైకి కనిపిస్తున్నవి పాదాలే.

ఇక్కడ ఆ ఇంటి రాజ్యాంగం గురించి ఒక మాట చెప్పాలి. అందులో ఒకటే అధికరణం ఉంది: గ్రీజు గడప దాటరాదు. కొన్నేళ్ల కిందట, పదహారు కిటికీలకు కుట్టిన మీగడ రంగు పరదాల మీద బొటనవేలంత గ్రీజు మరక పడి, పదహారూ మళ్లీ కుట్టవలసి వచ్చింది. నాటి నుంచి చేతులు మూడుసార్లు కడగనిదే మాస్టారిని కూడా లోపలికి రానివ్వరు. టేపమ్మ పెట్టె విప్పింది. మెరిసే జాయింట్లు రెండు. ఒక్కోదానికి మెడ దగ్గర రబ్బరు తొడుగు. తొడుగు అంచున జిగటగా, పసుప్పచ్చగా ఏదో అంటి ఉంది. తొడుగు ఎత్తి చూసింది. లోపల అంతా అదే.

సాయంత్రం మాస్టారు చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి, పనిబల్ల మీద రెండు పొట్లాలు కనిపించాయి. పరదాలు ఖాతాదారులకు పంపేటప్పుడు చుట్టే పల్చటి తెల్లకాగితంలో చుట్టి, సుతారంగా నాడా కట్టి ఉన్నాయి.

"ఇవేమిటి?"

"మీ జాయింట్లు. ఎంత మురికిగా పంపారనుకున్నారు? తొడుగులు తీసి, సబ్బునీళ్లతో లోపల దాకా కడిగాను. పాత పంచెతో తుడిచి ఎండలో ఆరబెట్టాను. తిప్పి తిప్పి ఆరబెట్టాను. ఇప్పుడు చూడండి."

మాస్టారు నాడా విప్పి, ఇనుప మేకును పట్టుకుని తిప్పారు. అది కీచుమంది. వీధిలో ఎవరో తలెత్తి చూశారు.

మాస్టారు దాన్ని తిరిగి కాగితం మీద పెట్టారు.

"అది మురికి కాదే. దాని ప్రాణం అదే" అన్నారు మాస్టారు మెల్లగా.

టేపమ్మ జాయింటు వంక చూసింది, తన చేతుల వంక చూసింది. ఇల్లు శుభ్రంగా ఉంచడం తప్పు కావచ్చునని ఆమెకు జీవితంలో మొదటిసారి తెలిసింది. ఇలాంటి సమయాల్లో మరొకరైతే, పెట్టె మీద రాయొచ్చు కదా అని ప్రపంచాన్ని తిట్టేవారు. ఆమె టేపు సర్దుకుని లేచింది.

"ఎక్కడికి?"

"వాడి దగ్గరికి. కడిగింది నేనే, తెచ్చేదీ నేనే."

షెడ్డులో తమ్ముడు ఒక కారు పొట్టలో తలదూర్చి ఉన్నాడు.

"ఒరేయ్, కొంచెం గ్రీజు పెట్టు."

"నువ్వు? గ్రీజు? అక్కా, నీ ఒంట్లో బాగుందా?"

"బాల్ జాయింట్లకు కావాలి. ఉన్నది నేను కడిగేశాను."

తమ్ముడు తల బయటికి తీశాడు. "కడిగేశావా? దేంతో?"

"సబ్బుతో."

అతడు నవ్వడం మొదలుపెట్టాడు. గోడ పట్టుకుని నవ్వాడు, కూర్చుని నవ్వాడు. "ఇస్త్రీ కూడా చేశావా అక్కా? అంచులు కుట్టావా? కుచ్చులేమైనా..."

"అయిందా? ఇప్పుడిస్తావా, బయటి కొట్లో కొనుక్కోనా? మీ బావ నాలుగు రోజులుగా నేల మీద పాకుతున్నారు. ఎందుకో తెలుసా? ఆ షోరూం చొక్కా నేను వేసుకోవాల్సి వస్తుందని. నీకు నవ్వులాటగా ఉంది."

తమ్ముడి నవ్వు ఆగింది. ఒక డబ్బా తీశాడు, మూత చూశాడు, వెనక్కి పెట్టాడు, లోపలికి వెళ్లి మంచి డబ్బా తెచ్చాడు.

"ఇది జాయింట్లకు వేసేది. ఎలా ఎక్కించాలో మీకు తెలీదు. నేనొచ్చి చెప్తాను. చెప్తానంతే. ముట్టుకోను."

తొమ్మిదో రోజు ఉదయమే అతడు వచ్చాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, మాట నిలబెట్టుకోవడానికి చేతులు రెండూ చంకల్లో బిగించుకున్నాడు. గడ్డంతో దారి చూపాడు. జాయింట్ల లోపల తడి లేదని ముక్కుతో వాసన చూసి నిర్ధారించాడు. టేపమ్మ, చరిత్రలో తొలిసారి, తన చేతులతో గ్రీజు తీసి తొడుగుల్లో కూరింది. జాకెట్టు చేతికి కుచ్చు పెట్టేంత ఒద్దికగా కూరింది. మాస్టారు మేకు తిప్పారు. ఈసారి అది మాట్లాడలేదు. వెన్నలా తిరిగింది.

"ఊఁ" అన్నాడు తమ్ముడు. అతడి భాషలో అది సన్మానపత్రం.

జాయింట్లు ఆర్మ్‌లకు ఎక్కాయి. ఆర్మ్‌లు వ్యానుకు ఎక్కాయి. మేకు కొనకు నట్టు బిగించి, అది వదులవకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ దగ్గర చిక్కొచ్చింది. నట్టు గాడి, మేకు రంధ్రం ఎదురెదురుగా రాలేదు. మాస్టారు నట్టును కొంచెం వెనక్కి తిప్పబోయారు.

"వెనక్కొద్దు బావా! ముందుకే. కొంచెం బిగించు, రంధ్రం అదే వస్తుంది. వెనక్కి తిప్పావో, మా అక్కని దాన్లో ఎక్కనివ్వను."

మాస్టారు ముందుకే తిప్పారు. రంధ్రం వచ్చింది. పిన్ను దూర్చి, కొనలు వంచారు. అంతలో తమ్ముడి చూపు ఆర్మ్ మూలానికి పోయింది. అక్కడ రబ్బరు గొట్టాల్లాంటి బుష్‌ల గుండా పోయే పెద్ద బోల్టులు వదులుగా ఉన్నాయి. అతడు బకెట్ మీద నుంచి లేచాడు.

"ఇదేంటి బావా, ఇవి బిగించలేదు! మర్చిపోయావా? చంపేస్తావా ఏంటి?"

"మర్చిపోలేదు. బరువు పడ్డాక బిగిస్తాను."

"ఏంటి?"

"పరదా కొక్కేలు ఖాళీ కడ్డీకి గట్టిగా బిగిస్తే, బట్ట వేలాడాక అన్నీ మెలిపడతాయి. బట్ట తొడిగి, బరువు దిగాక, అప్పుడు బిగించాలి. ఈ రబ్బరూ అంతేగా మరి? చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే, నేల మీదికి దిగేసరికి రోజంతా మెలిపడే ఉంటుంది. నాలుగు నెలల్లో చిరుగుతుంది."

తమ్ముడు మళ్లీ బకెట్ మీద కూర్చున్నాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ పేజీలు లేవు."

"మా షెడ్డులో వాళ్లకి ఇది చెప్పలేక తొమ్మిదేళ్లుగా చస్తున్నాను" అన్నాడు తమ్ముడు, ఎవరితోనూ కాదన్నట్టు.

చక్రాలు బిగించారు. జాకీ దించారు. పెద్దాయన తన పద్దెనిమిదేళ్ల బరువుతో నిట్టూర్చి నేల మీద నిలబడ్డాడు. మాస్టారు కిందికి దూరి, చేయి వెనక్కి చాచారు. పొడుగు పానా వచ్చి ఆ చేతిలో పడింది. అందించింది టేపమ్మ కాదు. ఆమె ఆ సమయంలో మూడోసారి చేతులు కడుక్కుంటోంది. ఆ విధంగా ఒక ప్రతిజ్ఞ భంగమైంది. ఇద్దరు పెద్దమనుషులూ దాన్ని గమనించనట్టే నటించారు.

సాయంత్రం ముగ్గురూ వ్యాను ఎక్కి వీధి చివర దాకా వెళ్లారు. అక్కడ ఊరందరికీ తెలిసిన గుంట ఒకటుంది. మాస్టారు నెమ్మదించారు. తమ్ముడు ఊపిరి బిగపట్టాడు. ముందు చక్రాలు దిగాయి, లేచాయి. ఏ చప్పుడూ లేదు. వెనక కడ్డీలు మాత్రం ఒకసారి గలగలమన్నాయి. టేపమ్మ చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. తలుపు పిడి దిక్కు ఆమె చూడను కూడా లేదు.

"ఇంకోసారి తిప్పండి" అంది. ఆ గుంట మీదుగా ఆరుసార్లు తిరిగారు.

పదో రోజు తనిఖీ కేంద్రానికి ముగ్గురూ వెళ్లారు. తమ్ముడు షెడ్డు మూసి మరీ వచ్చాడు. మాస్టారు ఉతికిన చొక్కా వేసుకున్నారు. పాత జాయింట్లను సాక్ష్యంగా తెల్లకాగితంలో చుట్టి పట్టుకున్నారు. "ఇదెవరు చేశారండీ?" అని అధికారి అడిగితే చెప్పవలసిన జవాబును రాత్రి నుంచి సిద్ధం చేశారు. అందులో వినయం ఎక్కువ, వివరం ఇంకా ఎక్కువ. బావమరిదికి రెండు వాక్యాలు, గ్రీజు గురించి ఏమీ చెప్పకుండా టేపమ్మకు నాలుగు వాక్యాలు కేటాయించారు.

అధికారి గడ్డపార దూర్చి ఎత్తాడు. చప్పుడు లేదు. రెండో వైపు ఎత్తాడు. లేదు. కింద దీపం వేసి చూశాడు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"హారన్ కొట్టండి" అన్నాడు అధికారి.

మాస్టారు కొట్టారు.

"సరే. తర్వాతి బండి!"

ముద్ర పడింది. కాగితం చేతికొచ్చింది. గేటు దాటగానే తమ్ముడు బావ వీపు మీద ఒకటి చరిచాడు. టేపమ్మ అక్కడే నిలబడి షోరూం వారికి ఫోన్ చేసింది. "మా చొక్కాల కొలతలు రాసుకోకండి బాబూ. అవును, ఇద్దరివీ. లేదు లేదు, జీతం గురించి కాదు. మాకు బండి ఉంది."

తర్వాత ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. రెండోసారి తాళం తిప్పగానే పెద్దాయన పలికాడు. మాస్టారు ఈల వేస్తూ రోడ్డెక్కించారు. ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదివే టేపమ్మ, తనిఖీ కాగితాన్ని మోకాళ్ల మీద పరిచి చదవడం మొదలుపెట్టింది. ఈ ఏడు వచ్చిన కొత్త నిబంధన ప్రకారం, పదిహేనేళ్లు దాటిన బండికి అది ఆరు నెలలే చెల్లుతుంది.